వెదురు గడ దగ్గర పరీక్ష

పనసగరువు బడి పంతులు ఎలీయేజరు మాస్టారికి ఒక జబ్బు ఉంది. అది కరోనా కంటే చాలా పాతది, దానికి టీకా కూడా లేదు. ఎదుటివాళ్ల నోట్లో మాట పూర్తి కాకముందే దాన్ని ఆయనే పూర్తి చేసేస్తారు. పాడేరు చర్చిలో పాస్టరు గారు "ప్రభువు మనలను..." అని ఊపిరి పీల్చుకునే లోపు "కాపాడును గాక" అని ముందు బెంచీలోంచి వినిపిస్తుంది. ఆయన భార్య మగ్దలేనమ్మ అయితే, "ముప్పై ఏళ్ల కాపురంలో నేను ఒక్క వాక్యం చివరిదాకా వెళ్లి ఎరగను తల్లీ" అని వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పాలనుకుంటుంది. అది కూడా సగంలో ఆయనే చెప్పేస్తారు.

మామూలు రోజుల్లో ఈ జబ్బు వల్ల ఎవరికీ చేటు జరగలేదు. అప్పటి పిల్లలు గడుగ్గాయిలు. మాస్టారు ఎంత తొందరపడితే అంతకు రెండింతలు తొందరపడి, ఆయన గొంతు మీద గొంతు వేసి పందొమ్మిదో ఎక్కం అప్పజెప్పేవాళ్లు. కొండవాలు మీద ఒంటి గది బడి, దాని రేకుల కప్పు ఆ గోలకు దడదడలాడేది. మాస్టారికి అదే సంగీతం.

తర్వాత బడి మూశారు. మూసినప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు, తెరిచేసరికి రిజిస్టరులో మూడో తరగతికి వచ్చి కూర్చున్నారు. మధ్యలో రెండో తరగతి ఎటు పోయిందో ఆ దేవుడికే తెలియాలి. మూడులో ఉండగా ఇంటికి వెళ్లినవాళ్లు అయిదులోకి వచ్చారు. రెండేళ్లలో పిల్లలు పొడుగయ్యారు, పశువులు కాయడం నేర్చారు, కాఫీ పళ్లు కోయడం నేర్చారు, సంతలో బేరం ఆడటం నేర్చారు. పుస్తకం ముందు పెడితే మాత్రం తలలు వంచేసి నేలకేసి చూస్తున్నారు. ఆ నిశ్శబ్దం మాస్టారిని భయపెట్టింది. పోయిన రెండేళ్లనూ ఎలాగైనా లాక్కురావాలని ఆయన మరింత తొందరపడ్డారు. పిల్ల "చె..." అనగానే "చెట్టు" అనేవారు. పిల్లాడు "కొం..." అనకముందే "కొండ" అనేవారు. బడి తెరిచి ఎనిమిది నెలలు అయింది. పాఠాలన్నీ పూర్తయ్యాయి. అన్నీ ఆయనే చదివారు.

వాళ్లందరిలోకీ ఆయనకు నిద్ర పట్టకుండా చేసింది వంతల సుకాంతి. మూడో తరగతి. పెద్ద కళ్లు, బిగించి కట్టిన రెండు జడలు. ఈ ఎనిమిది నెలల్లో ఆ పిల్ల బడిలో ఒక్క మాట మాట్లాడలేదు. లేపి నిలబెడితే నిలబడుతుంది, పుస్తకంలోకి చూస్తుంది, చూస్తూనే ఉంటుంది. మాస్టారు మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఓర్చుకుని, వాక్యం మొత్తం తానే చదివి, "కూర్చో అమ్మా" అనేవారు. చదువు రాదని ఖాయం చేసుకున్నారు. అది ఆ పిల్ల తప్పని ఆయన ఏనాడూ అనుకోలేదు, తన తప్పే అనుకున్నారు. అదే ఎక్కువ బాధ.

ఇంతలో మండల విద్యాధికారి ధనుంజయ్ గారి దగ్గర నుంచి కబురు వచ్చింది. పిల్లలు తక్కువగా ఉన్న బడుల్లో మూడు, నాలుగు, అయిదు తరగతులను పెద్ద బడిలో కలపాలని పైన ఆలోచిస్తున్నారట. శుక్రవారం పదకొండు గంటలకు ఆయనే స్వయంగా వచ్చి చదివించి చూస్తారట. పనసగరువులో ఆ మూడు తరగతులకూ కలిపి పన్నెండు మంది పిల్లలు. కనీసం ఎనిమిది మంది చదవగలిగితే తరగతులు ఇక్కడే ఉంటాయి. లేకపోతే జూన్ నుంచి వాళ్లంతా గెడ్డ అవతల, మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి నడిచి వెళ్లాలి.

ఆ గెడ్డ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. వేసవిలో పాదాలు తడవవు, వానల్లో ఆవుని కూడా ఈడ్చుకుపోతుంది. సుకాంతి నాయనమ్మ దేముడమ్మ ఈ కబురు విని మాస్టారి మొహం మీదే చెప్పేసింది.

"గెడ్డ దాటించి మా గుంటని నేను పంపను మాస్టారూ. బడి ఈడుంటే సదువుతాది. ఆడికెల్తే నాతో పాటు ఇస్తర్లకి అడ్డాకులు కోత్తాది. ఆపైన నీ ఇష్టం."

మాస్టారి ఇష్టం ఏముంది పాపం. ఆయన వేళ్ల మీద ఎన్నిసార్లు లెక్కపెట్టినా, చదవగలరని నమ్మకంగా చెప్పదగ్గ పిల్లలు ముగ్గురు దాటలేదు.

గురువారం సాయంత్రం అయిదో తరగతి పిల్లాడొకడు లేచి, "మాస్టారూ, రేపు మాకు..." అన్నాడు.

"పరీక్ష. నాకు తెలుసు, కూర్చో. అందరూ తొమ్మిదికే వచ్చేయాలి" అన్నారు మాస్టారు.

పిల్లాడు కూర్చున్నాడు. పిల్లలందరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మాస్టారు అది పట్టించుకోలేదు.

శుక్రవారం పొద్దున్న ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, పాత మోటారు సైకిలు మీద ఘాట్ ఎక్కి బడికి వచ్చేసరికి గదిలో ఒక కోడిపెట్ట ఉంది. అంతే. తొమ్మిదయింది, తొమ్మిదిన్నర అయింది. కోడిపెట్ట కూడా వెళ్లిపోయింది. అప్పుడు దూరంగా రోడ్డు వైపు నుంచి ఆడవాళ్ల పాట, డప్పు మోత వినిపించాయి.

ఇటుకల పండగ.

చైత్రంలో వచ్చే ఆ పండగ ఏ వారం అన్నది పంచాంగంలో ఉండదు. ఊరి పెద్దలు కూర్చుని అనుకుంటారు. మగవాళ్లు వేటకని అడవిలోకి వెళ్తారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు గడ కట్టి, వచ్చే పోయే బండ్లను ఆపి, పండగ మామూలు పుచ్చుకుని గాని వదలరు. కలెక్టరైనా సరే ఆగాల్సిందే. ఆ పిల్లాడు నిన్న చెప్పబోయింది ఇదే. మాస్టారు నెత్తి కొట్టుకుని రోడ్డుకేసి పరుగెత్తారు.

దూరం నుంచి ఆ గడ కనబడగానే ఆయన కాళ్లు కాస్త నెమ్మదించాయి. ఆ గడతో ఆయనకు పాత పరిచయం ఉంది. కరోనా వచ్చిన ఏడు, పండగ అయిపోయినా ఊరివాళ్లు దాన్ని తియ్యలేదు. జబ్బు రాకుండా అడ్డంగా అలాగే ఉంచేశారు. బడి మూసిన మూడో నెలలో మాస్టారు పిల్లల బియ్యం, గుడ్లు, చిక్కీలు, పుస్తకాలు బండికి కట్టుకుని వస్తే, దేముడమ్మ గడకు అవతల నిలబడి చెయ్యి ఎత్తింది.

"నువ్వు మంచోడివే మాస్టారూ. నీ కూడా ఏటొత్తాదో నీకూ తెల్దు, మాకూ తెల్దు. ఆడే ఆగు."

ఆయన సామానంతా రోడ్డు పక్క రాతి మీద పెట్టారు. ఊరికే వెళ్లిపోవడానికి మనసొప్పక, గుడ్ల పెట్టె మూత చింపి, దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో నాలుగు ముక్కలు రాసి, అడ్డతీగ నారతో గడకు వేలాడగట్టి వెనక్కి తిరిగారు. ఆ తర్వాత ఆయనకే కరోనా వచ్చింది. విశాఖలో మూడు వారాలు ఆక్సిజన్ మీద ఉన్నారు. మళ్లీ ఘాట్ ఎక్కే ఓపిక రావడానికి ఏడాది పైనే పట్టింది. ఆ రెండేళ్లలో తాను పనసగరువు పిల్లలకు ఒక్క అక్షరం కూడా చెప్పలేదన్న దిగులు ఆయన లోపల ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు ఆ గడ దగ్గర బడి మొత్తం ఉంది. ఇరవై ముగ్గురు పిల్లలూ ఉన్నారు, మొహాలకు పసుపు, చెవుల్లో పూలు. మాస్టారు గట్టిగా కేకెయ్యబోయి, అంతలో ఒక సిమెంటు లారీ వచ్చి ఆగడంతో పనస చెట్టు వెనక ఆగిపోయారు.

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "చదవండి మరి" అన్నాడు, ఇది ఏటేటా ఉన్న మర్యాదే అన్నట్టు.

నాలుగో తరగతి పిల్ల ఒకతె గడ మీద మోచేతులు ఆనించి లారీ నుదుటికేసి చూసింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఆడవాళ్లు పాట ఆపారు. డ్రైవరు బీడీ వెలిగించుకున్నాడు.

"ని... దా... న... మే..." పిల్ల ఆగింది, మళ్లీ మొదటి నుంచి పట్టుకుంది. "నిదానమే నా దారి."

ఆడవాళ్లు గొల్లుమన్నారు. డ్రైవరు ఓడిపోయినవాడిలా తల ఊపి, దేముడమ్మ చేతిలో పండగ మామూలు పెట్టాడు. గడ లేచింది. పిల్లలు లారీ వెనక కొంతదూరం పరుగెత్తి, వెనక చెక్క మీద ఉన్నది కూడా చదివేసి వచ్చారు.

మాస్టారు చెట్టు వెనకే ఉండిపోయారు. తర్వాత కూరగాయల ఆటో వచ్చింది. తర్వాత జీపు, దాని తర్వాత ఇసుక ట్రాక్టరు. ఆట నియమం ఆయనకు మెల్లగా అర్థమైంది. బండి మీద రాసింది పిల్లలు చదివితే బండివాడు ఇచ్చుకోవాలి. చదవలేకపోతే గడ ఊరికే ఎత్తేయాలి. అందుకే ఆడవాళ్లు పిల్లలను అంత గౌరవంగా చూస్తున్నారు. పిల్లలు కొందరు తడుముకుంటున్నారు, కొందరు తప్పు చదివి నాలుక కరుచుకుంటున్నారు. కానీ చదువుతున్నారు. బడిలో నోరు పెగలని పిల్లలు రోడ్డు మీద లారీల మీద పడి చదువుతున్నారు. మాస్టారికి ఆనందం, కోపం, సిగ్గు మూడూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు పడాలో తెలియక ఆయన పనస చెట్టును పట్టుకుని నిలబడ్డారు.

సరిగ్గా పదకొండుకు ఎర్రటి దుమ్ము కొట్టుకుపోయిన జీపు ఒకటి వచ్చి గడ ముందు ఆగింది. అందులోంచి ధనుంజయ్ గారు దిగారు. మైదానం మనిషి, దుమ్ము పడదు, ఇప్పటికీ మాస్కు గడ్డం కింద వేలాడుతూనే ఉంటుంది. మాస్టారు చెట్టు వెనకనుంచి గబగబా ముందుకొచ్చి నమస్కారం పెట్టారు.

"ఏమిటండీ ఎలీయేజరు గారూ, పరీక్ష రోజున పిల్లలంతా..."

"రోడ్డు మీద ఉన్నారండి" అని పూర్తి చేసేశారు మాస్టారు. తర్వాత ఆ వాక్యం తాను పూర్తి చేయాల్సింది కాదని తోచింది.

"సార్, బండి మీదున్నది సదివితే ఇచ్చుకోవాల. తరవాతే ఏటైనా" అంది దేముడమ్మ, గడ చివర పట్టుకుని కదలకుండా.

ముందు అద్దం కింద ఉన్న బోర్డును ఇద్దరు పిల్లలు కలిసి, ఎక్కడా ఎగ్గొట్టకుండా, "ప్రభుత్వ వాహనము" అని చదివారు. ధనుంజయ్ గారి కనుబొమలు లేచాయి. జేబులోంచి తీసి ఇచ్చుకున్నారు కూడా. అయినా ఆయన నియమం ఆయనది.

"బోర్డు వేరు, పాఠం వేరు. బడికి వెళ్లే పనేం లేదు, ఇక్కడే కానిచ్చేద్దాం" అని సంచిలోంచి కాగితం తీశారు. చీమ కథ, పన్నెండు వాక్యాలు. ఒక్కొక్కరు ఒక్కొక్క వాక్యం.

ఆ తెల్ల కాగితం కనబడగానే పన్నెండు తలలూ ఒక్కసారి కిందకి వంగిపోయాయి. మొదటి పిల్లాడి ముందు కాగితం పెడితే వాడు తన కాలి బొటనవేలికేసి చూస్తున్నాడు. మాస్టారి పెదాలు వాటంతట అవే కదిలాయి. "చీమ ఒకటి..."

"మీరు చెప్పకండి" అన్నారు ధనుంజయ్ గారు.

మాస్టారు నోరు మూసుకున్నారు. కళ్ల ముందు గెడ్డ పొంగుతూ కనబడింది. సుకాంతి అడ్డాకుల మోపు ఎత్తుకుని కొండ దిగుతూ కనబడింది. అంతలో ఆయన చూపు జీపు మీద పడింది. డ్రైవరు సాయినాథ్ దాన్ని కడిగి మూడు వారాలైంది. ఒళ్లంతా వేలి మందాన ఎర్ర దుమ్ము.

"సార్, ఒక్క మనవి. కాగితం మీదున్న కథే, అక్షరం మార్చను. ఈ జీపు మీద వేలితో రాయనివ్వండి. వీళ్లు బండి మీదున్నదైతే చదువుతారు."

"గవర్నమెంటు జీపండీ ఇది" అన్నాడు సాయినాథ్.

ధనుంజయ్ గారు జీపుకేసి చూశారు, పిల్లలకేసి చూశారు. "నువ్వు దాన్ని కడిగి ఉంటే ఆ మాట అనే హక్కు నీకుండేది" అన్నారు డ్రైవరుతో. "రాయండి."

మాస్టారు చొక్కా చేతులు పైకి మడిచారు. బానెట్టు మీద మూడు వాక్యాలు, ఈ పక్క తలుపుల మీద మూడు, ఆ పక్క మూడు, వెనక మూడు. నల్లబల్ల మీద కూడా ఆయన ఏనాడూ అంత పొందిగ్గా రాయలేదు. రాయడం అయ్యాక వేలు ఎర్రగా అయ్యింది, ఉతికిన చొక్కా కూడా.

ఆయన వచ్చి పిల్లల పక్కన నిలబడగానే దేముడమ్మ వారించింది.

"నువ్విటు రా మాస్టారూ. నువ్వు మాటాడతావుంటే గుంటలెలా మాటాడతారు? ఇదిగో, పండగ పూట ఇది తిను" అని పొయ్యిలోంచి అప్పుడే తీసిన పెండలం దుంప ఒకటి, పిడికిలంత ముక్క, ఆయన వద్దనే లోపు నోట్లో కుక్కేసింది.

అది మింగడానికి లేదు, ఉమ్మడానికి అంతకన్నా లేదు. పండగ పూట పెట్టింది ఉమ్మితే ఊరికి అవమానం. మాస్టారు కళ్లల్లో నీళ్లు తిరుగుతూ నోరు మూసుకుని నిలబడ్డారు.

మొదటి పిల్లాడు బానెట్టుకేసి చూశాడు. మాస్టారికి "చీమ" అన్న మాట గొంతుదాకా వచ్చి దుంపకు తగిలి ఆగిపోయింది. గాలి వీచింది. ఎక్కడో కోడి కూసింది. పిల్లాడు ముక్కు తుడుచుకున్నాడు.

"చీమ... ఒకటి... బెల్లం ముక్క... మోసుకుని... పోతోంది."

ధనుంజయ్ గారు కాగితం మీద ఒక గీత గీశారు. రెండో పిల్ల చదివింది. మూడోవాడు చదివాడు. నాలుగోవాడు చదవలేక, "ఏటో మాస్టారూ, నాకు తెల్దు" అని నిజం చెప్పి పక్కకు తప్పుకున్నాడు. పిల్లలు జీపు చుట్టూ తిరుగుతూ ఒక్కో తలుపు దగ్గర ఆగి చదువుతుంటే ఆడవాళ్లు వాళ్ల వెనకే తిరుగుతున్నారు, కథలో చీమకు ఏమైందో వాళ్లకూ కావాలి మరి. బెల్లం ముక్క వాగులో పడిందని విని ఒక ముసలమ్మ నొచ్చుకుంది. ఇంకో ముగ్గురు తప్పారు, ఇంకో నలుగురు నెగ్గారు. దుంప చల్లారుతోంది. అయినా మాస్టారు నమలలేదు. నమిలితే నోరు ఖాళీ అవుతుంది, ఖాళీ అయితే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

పదకొండు మంది అయ్యారు. చదివినవాళ్లు ఏడుగురు. మిగిలింది సుకాంతి.

మాస్టారు కళ్లు మూసుకున్నారు. "ప్రభువా" అనుకున్నారు, ఆ పైన ఏమనాలో ఆయనకే తోచలేదు.

సుకాంతి జీపు వెనక నిలబడింది. చివరి వాక్యం కింది అంచున ఉంది. ఆ పిల్ల చూస్తోంది. మూడు అంకెలు అయ్యాయి. పది అయ్యాయి. ఇరవై అయ్యాయి. సాయినాథ్ జాలిపడి ఏదో అందించబోతే దేముడమ్మ చూసిన చూపుకు వెనక్కి తగ్గాడు. ధనుంజయ్ గారు గడియారం చూడబోయి, ఎందుకో మానేశారు. మాస్టారు కళ్లు తెరిచి ఆ పిల్ల మొహం చూశారు. ఎనిమిది నెలల్లో ఆయన ఇంతసేపు ఆ మొహం చూడలేదు. పెదాలు కదలడం లేదు గాని, కళ్లు కదులుతున్నాయి, ఎడమ నుంచి కుడికి, మళ్లీ ఎడమ నుంచి కుడికి. పిల్ల లోపల చదువుకుంటోంది. ముందు లోపల మొత్తం చదువుకుని, బాగుందని తేలాకే పైకి చదివే పిల్ల ఇది. తాను ఏ రోజూ ఆ లోపలి చదువు పూర్తి కానివ్వలేదు.

"వాన వెలిశాక చీమల బారు మళ్లీ బయలుదేరింది" అంది సుకాంతి.

ఒక్క ఊపిరిలో, గడ అవతలివాళ్లకు కూడా వినబడేలా, గంట కొట్టినట్టు చదివింది.

ఆ తర్వాత గోలలో ఎవరేమన్నారో ఎవరికీ తెలియదు. డప్పు మోగింది. ఆడవాళ్లు ఒకళ్ల నడుము ఒకళ్లు పట్టుకుని జీపు చుట్టూ థింసా ఆడారు. మాస్టారు దుంప మింగేశారు. ధనుంజయ్ గారు నవ్వుతూ మాస్కు పూర్తిగా తీసి జేబులో పెట్టుకున్నారు.

"ఎవరు నేర్పారమ్మా నీకు?" అని అడిగారాయన సుకాంతిని.

సుకాంతి ఊళ్లోకి పరుగెత్తి, చంకలో ఏదో పెట్టుకుని తిరిగొచ్చింది. అది పొగకు నల్లబడి, మూలలు చెదలు తిన్న అట్ట. గుడ్ల పెట్టె మూత. దాని మీద అక్షరాలు వెలిసిపోయినా తెలుస్తున్నాయి: బడి పిల్లలకు, పుస్తకాలు రాతి మీద పెట్టాను. బడి తెరిచాక మళ్లీ వస్తాను. మీ మాస్టారు.

దేముడమ్మ చెప్పింది మిగతా కథ. "మడిసి మడిసికీ వంతులేసుకుని గడ కాసీవోళ్లం సార్, ఊళ్లోకి ఎవులూ రాకుండా. నా వంతులో ఈ గుంట నా కూడా కూకునీది. ఎదురుగా ఈ అట్ట తప్ప మరేటి ఉంది సూడ్డానికి? జొరం సూడ్డానికి ఆశా పిల్ల డాలీ వారానికోసారొచ్చీది. వొచ్చినప్పుడల్లా ఈ గుంట ఇది ఏటి, అది ఏటి అని ఒక్కో అచ్చరం అడిగీది. మిగతా ఆరు రోజులూ దాన్నే సూత్తా ఉండీది. అట్ట అయిపోనాక బండ్ల మీద పడింది. తరవాత మిగతా గుంటల్నీ కూకోబెట్టి, సదివితేనే గడ కింద నుంచి దూరనిత్తానని పంతం పట్టీసింది. ఆ పంతమే పండగ ఆటయిపోనాది."

మాస్టారు అట్టను రెండు చేతుల్తో పట్టుకున్నారు. రెండేళ్లు ఒక్క అక్షరం చెప్పలేదని కుమిలిపోయిన మనిషి ఆయన. విశాఖ ఆసుపత్రిలో మంచం మీద ఊపిరి కోసం కొట్టుకుంటున్నప్పుడు కూడా, ఈ కొండ మీద తన చేతి రాత ముందు కూర్చుని ఒక పిల్ల అక్షరాలు దిద్దుకుంటూనే ఉంది. ఆయనకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, కళ్లజోడు తీసి హాయిగా ఏడ్చారు. దుంప వేడికి కాబోలనుకున్నాడు సాయినాథ్.

"ఎనిమిది మంది" అన్నారు ధనుంజయ్ గారు కాగితం మడుస్తూ. "తరగతులు ఇక్కడే ఉంటాయని రాస్తున్నాను. పెట్టిన పరీక్ష పైవాళ్లదే, నెగ్గింది పిల్లలు, ఇక కాదనేవాళ్లెవరూ లేరు. జూన్‌లో కొత్త పుస్తకాలు ఇక్కడికే పంపుతాను." తర్వాత డ్రైవరుకేసి తిరిగారు. "నువ్వు ఈ జీపును సోమవారం లోపు కడిగావంటే ఊరుకోను. ఆఫీసులో అందరూ చదవాలి."

చీమ కథ ఒళ్లంతా వేసుకుని జీపు ఘాట్ దిగిపోయింది. దారిలో ఎదురైన బండివాళ్లు ఎంతవరకు చదువుకున్నారో తెలియదు.

మధ్యాహ్నం మూడింటికి వేటకెళ్లిన మగవాళ్లు దిగొచ్చారు. ఇప్పుడు అడవిలో వేట లేదు, ఉన్నా కొట్టనివ్వరు. వెళ్లామనిపించుకుని, నీడన పడుకుని వస్తారు. అందరికంటే ముందు సుకాంతి తండ్రి భీముడు, ఖాళీ విల్లు భుజాన వేసుకుని ఇకిలిస్తూ వచ్చాడు. ఉత్త చేతులతో వచ్చినవాడికి పనసగరువు ఆడవాళ్లు చేసే మర్యాద ఒకటే, బిందెలతో కలిపి ఉంచిన పేడనీళ్లు. ఒక్కడూ తప్పించుకోలేదు. భీముడికి రెండు బిందెలు పడ్డాయి. ఆ రెండోది కూతురే పోసింది.

పేడ కారుతున్న మగవాళ్ల మధ్య పేడ పడని చొక్కాతో మిగిలింది మాస్టారు ఒక్కరే. ఆడవాళ్ల చూపులన్నీ ఆయన మీదకు తిరిగాయి. మాస్టారు పద్ధతిగా కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డారు.

"ఆగండే" అంది దేముడమ్మ. "పొద్దున్నుంచీ తిరిగినాడు, ఈయన వేట ఏటో అడగాల కదా. ఒలే సుకాంతీ, మీ మాస్టారు ఏటి తెచ్చినాడు?"

ఈసారి మాస్టారు ఆ పిల్లకు జవాబు అందించబోలేదు. కళ్లు మూసుకునే ఉన్నారు. ఆ పిల్ల లోపల చదువుకుంటోందని ఆయనకు ఇప్పుడు తెలుసు.

"బడిని తెచ్చినాడు" అంది సుకాంతి.

ఆ పైన బిందె అడుగున మిగిలిన పేడనీళ్లు జాగ్రత్తగా, చొక్కాకు తగలకుండా, ఆయన పాదాల మీద మాత్రం పోసింది. పండగ పండగే కదా.

ఆ సాయంత్రం మాస్టారు పాడేరు చేరి ఇంటి గుమ్మం ఎక్కేసరికి మగ్దలేనమ్మ ముక్కు మూసుకుంది.

"ఏమండీ, ఏమిటీ కంపు, ఎక్కడ..." అని అలవాటు ప్రకారం ఆయన అందుకుంటారని ఆగింది.

మాస్టారు గుమ్మంలో నిలబడి, నవ్వు మొహంతో ఆమెకేసి చూస్తూ ఆగారు. ఆమె కూడా ఆగింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి వాక్యం చివరిదాకా వెళ్లే దారి దొరికేసరికి, ఆ చివర ఏముందో పాపం ఆమెకు వెంటనే గుర్తు రాలేదు. మాస్టారు తొందరపెట్టలేదు. చెప్పులు విడిచి, మెట్టు మీద కూర్చుని, ఆమె చెప్పేదాకా ఎదురుచూశారు.